మెడికల్ కేసులో మొదట ఏం చూడాలి? అంటువ్యాధి అనుమానం ఉంటే ఎలా మొదలుపెట్టాలి?

కొత్త_ఈఎంటీ:
అందరికీ నమస్కారం. నేను ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర సాయం చేసే సిబ్బంది) శిక్షణలో ఉన్నాను. యాక్సిడెంట్ కేసులంటే నాకు ఒక దారి దొరికింది. దెబ్బ ఎక్కడ తగిలిందో కంటికి కనిపిస్తుంది, రక్తం ఆపాలి, ఎముక కదలకుండా కట్టాలి. మెడికల్ కేసు అనేసరికి మాత్రం టెన్షన్ పట్టుకుంటోంది. "ఒంట్లో బాగోలేదు" అని ఫోన్ చేస్తారు. వెళ్లి చూస్తే మంచం మీద ఒక పెద్దావిడ. జ్వరం, నీరసం, పొంతన లేని మాటలు. అక్కడ దేన్ని పట్టుకుని మొదలుపెట్టాలి?

ఇంకో సందేహం కూడా ఉంది. జబ్బు పేరు తేల్చడం మన పని కాదని క్లాసులో చెప్తున్నారు. అంటువ్యాధుల పాఠం తెరిస్తే అన్నీ పేర్లే: టీబీ, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు), తట్టు, హెపటైటిస్ (కాలేయం వాపు). పేరు తెలియనప్పుడు ఏ జాగ్రత్త తీసుకోవాలో ఎలా తెలుస్తుంది? ఫీల్డులో ఉన్నవాళ్లు చెప్పండి.

రాత్రిషిఫ్ట్ (పారామెడిక్):
మీ రెండు ప్రశ్నలకూ జవాబు గుమ్మం దగ్గరే మొదలవుతుంది. లోపలికి దూసుకుపోకుండా ఒక్క క్షణం అక్కడే ఆగండి. పేషెంట్ మీవైపు తల తిప్పి చూశారా? ముఖం రంగెలా ఉంది? వెనక్కి ఆనుకుని పడుకున్నారా, లేక మోకాళ్ల మీద చేతులు పెట్టి ముందుకు వంగి ఊపిరి కోసం తిప్పలు పడుతున్నారా? మంచం పక్కన వాంతుల బకెట్, ఇన్‌హేలర్, ఖాళీ మాత్రల షీట్లు ఏమైనా ఉన్నాయా? మాస్క్, గ్లవ్స్ వేసుకోవాల్సింది కూడా అప్పుడే. చెయ్యి వేశాక గుర్తొస్తే లాభం లేదు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి తలనొప్పి, వాంతులు, మత్తుతో పడిపోయి ఉంటే, జ్వరం కూడా లేకపోతే, అంటువ్యాధి కంటే ముందు విషవాయువును అనుమానించాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. ముందు మీరు బయటికి రండి, సరైన సాయాన్ని పిలవండి.

పేషెంట్ దగ్గరికి వెళ్లాక స్పృహ, ఊపిరి దారి, ఊపిరి, రక్తప్రసరణ. ఈ నాలుగూ చూడకుండా "ఎన్ని రోజుల నుంచి జ్వరం?" అని అడగడం మొదలుపెట్టకండి.

ఊపిరి లెక్క గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అందరూ వదిలేసేది అదే. రిపోర్టులు తిరగేయండి, ప్రతి పేషెంట్‌కూ 18 లేదా 20 అని ఉంటుంది. అంటే ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండండి, కళ్లు మాత్రం ఛాతీ మీద, పొట్ట మీద పెట్టండి. తన ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి తీరు మార్చేస్తాడు. నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 25 దాటితే బీపీ బాగున్నా సరే నేను తేలిగ్గా తీసుకోను. బీపీ పడిపోవడం చివర్లో జరిగే సంగతి, ఊపిరి చాలా ముందే చెప్తుంది.

డ్యూటీ_డాక్టర్:
రాత్రిషిఫ్ట్ గారు చెప్పినదానికి అత్యవసర విభాగం వైపు నుంచి కొంత కలుపుతాను.

ఆ పెద్దావిడ విషయమే తీసుకోండి. మాట పొంతన లేదంటే వెంటనే వేలు గుచ్చి షుగర్ చూడాలి. 70 కంటే తక్కువుంటే ఆ గందరగోళానికి కారణం అదే కావచ్చు, అక్కడికక్కడే సరిచేయొచ్చు. తర్వాత ముఖం ఒక పక్కకు వాలిందా, రెండు చేతులూ సమంగా లేస్తున్నాయా, మాట ముద్దగా ఉందా చూడండి. షుగర్ పడిపోయినా పక్షవాతంలా కనిపించొచ్చు కాబట్టి ఈ రెండూ జంటగా చూడాలి. చివరిసారిగా ఎప్పుడు మామూలుగా ఉన్నారో ఇంట్లోవాళ్లను అడిగి టైమ్ రాసుకోండి.

ఆ తర్వాత సెప్సిస్. ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి, తన అవయవాలనే తాను దెబ్బతీసుకునే స్థితి ఇది. జ్వరం ఉంటేనే సెప్సిస్ అనుకోవద్దు. వయసు మళ్లినవాళ్లలో జ్వరం అసలు రాకపోవచ్చు. ఒళ్లు 36 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే అది ఇంకా చెడ్డ సూచన. ఎటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లలో నాడి పెరగాల్సినంత పెరగదు. 88 ఉంది కదా అని ధీమాగా ఉండకండి. దుప్పటి తీసి మోకాళ్లు చూడండి. చర్మం మీద ఊదారంగులో వలలాగా మచ్చలు కనిపిస్తే రక్తం అక్కడికి సరిగ్గా అందడం లేదు. గోరు 5 సెకన్లు నొక్కి వదిలితే 2 సెకన్లలోపు మళ్లీ ఎరుపెక్కాలి. 3 దాటితే అనుమానించాలి. చలిలో ఉన్న చేతికి ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది, అప్పుడు ఛాతీ ఎముక మీద నొక్కి చూడండి.

ప్రశ్నార్థకం:
డాక్టర్ గారూ, దీనికి స్కోర్లు ఉన్నాయి కదా. మా బ్యాచ్‌కు క్యూసోఫా నేర్పారు. అది చాలదా?

డ్యూటీ_డాక్టర్:
2016లో వచ్చింది క్యూసోఫా. ఊపిరి 22 లేదా అంతకంటే ఎక్కువ, పై బీపీ 100 లేదా అంతకంటే తక్కువ, స్పృహలో తేడా. మూడింట్లో రెండుంటే ప్రమాదం ఎక్కువ. గుర్తుపెట్టుకోవడం తేలికే. కానీ చాలా కేసులు దీని చేతికి చిక్కవు. అందుకే సెప్సిస్‌ను పట్టుకోవడానికి దీనొక్కదాన్నే నమ్ముకోవద్దని 2021లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. న్యూస్-2 అనే ఇంకో స్కోరు మెరుగు. ఊపిరి, ఆక్సిజన్ సాచురేషన్, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత, అన్నిటికీ మార్కులు వేస్తుంది. కొత్తగా వచ్చిన గందరగోళానికే 3 మార్కులు. మొత్తం 7 లేదా అంతకంటే ఎక్కువైతే అత్యవసరం.

స్కోరు తక్కువ వచ్చినా "ఈమె తేడాగా ఉంది" అని మీ మనసుకు అనిపిస్తే, ఆ మాటే మాకు చెప్పండి. నేను దాన్ని పట్టించుకుంటాను.

ఐసీ_నర్స్ (ఇన్ఫెక్షన్ కంట్రోల్):
రెండో ప్రశ్నకు నేను చెప్తాను. మీకు కావాల్సింది జబ్బు వచ్చే దారి. పేరు తర్వాత ల్యాబ్ తేలుస్తుంది.

రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు, కఫంలో రక్తం అన్నారంటే గాలి ద్వారా వచ్చేదని అనుకోండి. జ్వరంతో పాటు ఒంటి నిండా దద్దుర్లు ఉన్నా అంతే, తట్టో ఆటలమ్మో కావచ్చు. తట్టు ఉన్న మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా 2 గంటల వరకు ఆ వైరస్ గాలిలో ఉండగలదు. దద్దుర్లు బయటపడటానికి 4 రోజుల ముందు నుంచే అది అంటుకుంటుంది. ఇలాంటిచోట మీకు ఎన్95, పేషెంట్‌కు మామూలు సర్జికల్ మాస్క్. ఆయాసపడుతున్న మనిషికి ఎన్95 పెట్టి ఊపిరి ఇంకా కష్టం చేయకండి.

జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, గాజు గ్లాసుతో నొక్కినా రంగు పోని ఎర్రటి లేదా ఊదా మచ్చలు ఉంటే మెనింజైటిస్‌ను అనుమానించాలి. అది దగ్గర్లో పడే తుంపరల వల్ల వస్తుంది. సర్జికల్ మాస్క్, కళ్లకు రక్షణ చాలు. వాంతులు, విరేచనాలు అయితే ముట్టుకోవడం వల్ల వచ్చేది: గ్లవ్స్, గౌను, తర్వాత సబ్బూ నీళ్లూ. శానిటైజర్ మీద భరోసా పెట్టుకోకండి. విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా బీజాలను ఆల్కహాల్ చంపలేదు, నోరోవైరస్ మీద కూడా దాని పని అంతంతే.

ఇక రక్తం. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ ఎవరి ముఖం మీదా రాసి ఉండవు. అందుకే రక్తం విషయంలో జాగ్రత్త అందరికీ ఒకటే. "వీళ్లు మంచి ఇంటివాళ్లు, గ్లవ్స్ అక్కర్లేదు" అనే ఆలోచన పేషెంట్లనూ అవమానిస్తుంది, మిమ్మల్నీ ప్రమాదంలో పడేస్తుంది.

2003లో సార్స్ వచ్చినప్పుడు ప్రపంచం మొత్తం మీద 8,096 కేసులు, 774 మరణాలు. జబ్బు పడ్డవాళ్లలో దాదాపు ఐదింట ఒకరు ఆరోగ్య సిబ్బందే. మనం జబ్బుపడితే తర్వాతి పేషెంట్ దగ్గరికి వెళ్లేవాళ్లు ఉండరు.

ప్రశ్నార్థకం:
అలాంటప్పుడు ప్రతి కేసుకూ ఎన్95, గౌను, కళ్లద్దాలు, గ్లవ్స్ అన్నీ వేసేసుకుంటే గొడవ ఉండదు కదా మేడమ్?

ఐసీ_నర్స్:
ఉంటుంది. గ్లవ్స్ వేసుకున్న చేత్తో మనవాళ్లు ఏమేం ముట్టుకుంటారో ఒకసారి గమనించండి. పేషెంట్ మెడ, ఆక్సిజన్ నాబ్, పెన్ను, ఫోన్, బండి తలుపు, మళ్లీ పేషెంట్. గ్లవ్ మీ చర్మాన్ని కాపాడుతుందేమో కానీ మురికిని మోసుకెళ్లడం ఆపదు. ఒక పని అయ్యాక తీసేసి చేతులు శుభ్రం చేసుకోవాలి.

పైగా ఎక్కువ మంది ఒంటికి మురికి అంటించుకునేది వేసుకునేటప్పుడు కాదు, విప్పేటప్పుడు. ఒక గ్లవ్‌ను మణికట్టు దగ్గర బయటి వైపు గిల్లి పట్టుకుని లోపలి వైపు పైకి వచ్చేలా లాగండి. దాన్ని రెండో చేతి గుప్పిట్లో ఉంచండి. ఇప్పుడు ఖాళీ చేతి వేలును రెండో గ్లవ్ లోపలికి, చర్మానికి ఆనించి దూర్చి, మొదటిది దాని లోపల ఉండిపోయేలా తిప్పి తీయండి. చేతులు శుభ్రం చేసుకోండి. కళ్లద్దాలు వెనక నుంచి తీయాలి, గౌను ముందు భాగం ముట్టుకోకుండా చుట్టాలి. ఎన్95 అన్నిటికంటే చివర, పేషెంట్ దగ్గర నుంచి బయటికి వచ్చాక. కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత. మాస్క్ ముందు భాగాన్ని ముట్టుకోవద్దు. మళ్లీ చేతులు.

ఎన్95 పెట్టుకున్నాక రెండు అరచేతులూ అంచుల చుట్టూ పెట్టి గట్టిగా ఊదండి. ముక్కు పక్కన గాలి తగిలితే అది సరిగ్గా అతుక్కోలేదు. గడ్డం ఉంటే అతుక్కోదు.

ఇంటిమనిషి:
నేను వైద్యరంగంలో లేను. ఈ చర్చ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది. మా నాన్నగారు టీబీ మందులు వాడుతున్నప్పుడు ఒకసారి ఆయాసం వచ్చి అంబులెన్స్ పిలిచాం. "టీబీ" అనే మాట వినగానే వచ్చినవాళ్లు గుమ్మం బయటే నిలబడిపోయారు. లేచి నడిచి రమ్మన్నారు. ఆయనకు ఊపిరి ఆడకపోవడం కంటే అదే ఎక్కువ బాధ అనిపించింది. మాస్క్ పెట్టుకోవద్దని నేను అనను. కానీ మనిషిని మనిషిలా చూడొచ్చు కదా.

రాత్రిషిఫ్ట్:
మీ నాన్నగారికి అలా జరగకూడదు. ఆయాసంతో ఉన్న మనిషిని నడిపించడమే పెద్ద తప్పు. అడుగు వేసేకొద్దీ ఆక్సిజన్ ఖర్చవుతుంది. కుర్చీలోనో స్ట్రెచర్ మీదో తీసుకెళ్లాలి.

కొత్తగా వస్తున్నవాళ్లు ఇది మనసులో పెట్టుకోండి. మాస్క్ పెట్టుకోండి, అది తప్పు కాదు. పెట్టుకున్నాక దగ్గరికి వెళ్లండి, మంచం పక్కన కూర్చోండి, వాళ్ల కళ్ల ఎత్తులో. "అయ్యా, దారిలో బండిలో అందరం దగ్గరగా ఉంటాం, అందుకే ఇద్దరం మాస్క్ పెట్టుకుంటున్నాం" అని చెప్పండి. కారణం చెప్తే ఎవరూ కాదనరు.

ఐసీ_నర్స్:
టీబీ ముట్టుకుంటే రాదు, కంచం గ్లాసు వల్ల రాదు. గాలి వల్లే వస్తుంది. సరిపడే మందులు క్రమంగా వాడుతుంటే కొద్ది వారాల్లోనే అంటుకునే గుణం బాగా తగ్గిపోతుంది. ఎన్ని రోజుల నుంచి మందులు వాడుతున్నారు, ఎక్కడైనా మానేశారా అన్నది అడిగితే ప్రమాదం ఎంతో తెలుస్తుంది. దూరంగా నిలబడితే ఏమీ తెలియదు.

స్టీరింగ్_పక్కన (డ్రైవర్):
బండి సంగతి ఎవరూ ఎత్తలేదు. ముందు క్యాబిన్‌కూ వెనక భాగానికీ మధ్య తలుపు మూసేయాలి. వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఫుల్లులో పెట్టాలి. ముందు ఏసీని లోపలి గాలే తిప్పే మోడ్‌లో కాకుండా బయటి గాలి వచ్చే మోడ్‌లో పెట్టాలి. వీలుంటే కిటికీ కొంచెం తెరవాలి. క్యాబిన్‌లో నాకు మాస్క్ ఉండాలా అనేది ఎక్కే ముందే చెప్పండి. స్ట్రెచర్ మోయడానికి నేనూ చెయ్యి వేస్తాను కదా. చాలాసార్లు డ్రైవర్‌కే ఎవరూ చెప్పరు.

డ్యూటీ_డాక్టర్:
చాలా అవసరమైన మాట. నెబ్యులైజర్ పెట్టేటప్పుడు కూడా ఆలోచించండి, దానివల్ల తుంపరలు గాలిలో కలుస్తాయి. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఇన్‌హేలర్ ఇస్తే సరిపోయే పేషెంట్‌కు అదే ఇవ్వండి. అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచీ) వాడాల్సి వస్తే మాస్క్‌కూ బ్యాగ్‌కూ మధ్య ఫిల్టర్ పెట్టండి.

కొత్త_ఈఎంటీ:
చాలా థ్యాంక్స్ అందరికీ. పేషెంట్ సరిగ్గా మాట్లాడలేకపోతే శాంపుల్ ప్రశ్నలు (లక్షణాలు, అలర్జీలు, మందులు, పాత జబ్బుల లాంటి వివరాలు) ఎవర్ని అడగాలి? ఇంట్లోవాళ్లందరూ ఒకేసారి మాట్లాడేస్తారు.

రాత్రిషిఫ్ట్:
రోజూ దగ్గరుండి చూసుకునేవాళ్లెవరో అడిగి, వాళ్లొక్కరితోనే మాట్లాడండి. మిగతావాళ్లకు పని చెప్పండి: మందుల సంచీ తెమ్మనండి, పాత రిపోర్టులు వెతకమనండి, బండికి దారి చూపమనండి.

మొదటి ప్రశ్న నేను ఎప్పుడూ ఇదే అడుగుతాను: "ఈవిడ మామూలుగా ఎలా ఉంటారు?" మతిమరుపు ఉన్న మనిషికి గందరగోళం పాతదా కొత్తదా అన్నది దీనితోనే తెలుస్తుంది. తర్వాత అలర్జీలు, మందులు, పాత జబ్బులు, చివరిగా తిన్నది తాగినది, ఇది మొదలయ్యే ముందు ఏం జరిగింది. మందుల సంచీ సగం కథ చెప్పేస్తుంది. స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే మాత్రలు కనిపిస్తే, కొద్దిపాటి జ్వరం కూడా అత్యవసరమే. మూత్రం గొట్టం, మంచం పుళ్లు, ఈమధ్య జరిగిన ఆపరేషన్, ఇవి కూడా చూడాలి. వీపు తిప్పి చూడకుండా పుండు లేదని రాయకండి.

అంటువ్యాధి అనుమానం ఉంటే ఇంకొన్ని అడగాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా? గత 3 వారాల్లో ఎక్కడికైనా ప్రయాణం చేశారా? ఎబోలా లాంటివి బయటపడటానికి 21 రోజుల వరకు పట్టొచ్చు, అందుకే 3 వారాలు. జంతువులు కరవడం, పిల్లలైతే టీకాలు.

డ్యూటీ_డాక్టర్:
ఒక హెచ్చరిక. ఊళ్లో ఏదైనా జబ్బు విజృంభించినప్పుడు వచ్చే ప్రతి జ్వరమూ అదేనని అనుకునే ప్రమాదం ఉంది. ఒక పేరు తలలో పడ్డాక మిగతావి కనిపించవు.

ఉదాహరణకు ఒక కుర్రాడు గసపోస్తున్నాడు, సాచురేషన్ 99, ఊపిరితిత్తుల్లో శబ్దం లేదు. "టెన్షన్ పడుతున్నాడు" అని వదిలేయకండి. షుగర్ చూడండి. ఇన్సులిన్ అందక రక్తంలో ఆమ్లం పెరిగినప్పుడు లోతుగా, వేగంగా ఊపిరి పీలుస్తారు, ఆక్సిజన్ మాత్రం బాగానే ఉంటుంది. సెప్సిస్‌లోనూ ఇలా ఉండొచ్చు.

డెంగీలో ఇంకో చిక్కు. జ్వరం తగ్గగానే ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం మొదలయ్యేది సాధారణంగా అప్పుడే, 3వ రోజు నుంచి 7వ రోజు మధ్య. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగానో చిరాగ్గానో ఉండటం అడగండి. బీపీలో పై అంకెకూ కింది అంకెకూ తేడా 20 లేదా అంతకంటే తక్కువైతే షాక్ దగ్గర్లో ఉంది, పై బీపీ 100 చూపిస్తున్నా సరే. యాస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వొద్దు.

ప్రశ్నార్థకం:
అక్కడే ఉండి చికిత్స చేయాలా, ఎత్తుకుని పరుగెత్తాలా? ఈ వాదన ఎప్పటికీ తేలదు.

డ్యూటీ_డాక్టర్:
ఏం చేయగలరన్నదాన్ని బట్టి తేలుతుంది. ఊపిరి దారి మూసుకుపోవడం, తక్కువ షుగర్, ఆగని ఫిట్స్, తీవ్రమైన అలర్జీ, ఇవి అక్కడికక్కడే చూడాల్సినవి. సెప్సిస్ షాక్‌కు అసలు మందు యాంటీబయాటిక్. గుర్తించిన గంటలోపు అది పడాలి. మీ దగ్గర అది లేకపోతే ఆక్సిజన్ అవసరమైతే పెట్టి బయలుదేరండి, సెలైన్ లైన్ దారిలో పెట్టండి. ఫోన్ చేసి "సెప్సిస్ అనుమానం" అనే రెండు మాటలు చెప్తే ఇక్కడ మేం సిద్ధంగా ఉంటాం. గాలి ద్వారా అంటుకునేదైతే అదీ ముందే చెప్పండి. లేదంటే ఆ పేషెంట్ నిండిన వెయిటింగ్ హాల్లో కూర్చోవాల్సి వస్తుంది.

కొత్త_ఈఎంటీ:
ఇంకో భయం కూడా చెప్పేస్తాను. వాడిన సూది గుచ్చుకుంటే?

ఐసీ_నర్స్:
సబ్బు, నీళ్లతో కడగండి. పిండకండి, బ్లీచింగ్ పోయకండి. కంట్లో పడితే మంచినీళ్లతోనో సెలైన్‌తోనో బాగా కడగండి. వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పండి, షిఫ్ట్ అయ్యేదాకా ఆగొద్దు. హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తంతో సూది గుచ్చుకున్నా అంటుకునే అవకాశం దాదాపు 0.3 శాతమే. నివారణ మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. టీకా వేయించుకోనివాళ్లకు హెపటైటిస్ బీ ముప్పు దీనికంటే చాలా ఎక్కువ, 6 నుంచి 30 శాతం వరకు. శిక్షణలో ఉండగానే మూడు డోసులూ పూర్తిచేయండి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి, 10 mIU/mL లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. సూదికి మూత మళ్లీ పెట్టే అలవాటు అసలు చేసుకోకండి. షార్ప్స్ డబ్బా (వాడిన సూదులు వేసేది) చేతికి అందేచోట పెట్టుకున్నాకే సూది విప్పండి.

మెనింజైటిస్ తేలిన పేషెంట్‌ను తీసుకొచ్చారని తర్వాత తెలిస్తే కంగారుపడి అందరూ మాత్రలు మింగక్కర్లేదు. కారణం మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా అని తేలి, మాస్క్ లేకుండా నోటి స్రావాలకు దగ్గరగా పనిచేసినవాళ్లకు, అంటే సక్షన్ చేసినవాళ్లకు, ట్యూబ్ వేసినవాళ్లకు, నివారణ మందు అవసరం, వీలైతే 24 గంటల్లోపు. బండి నడిపినవాళ్లకు సాధారణంగా అక్కర్లేదు. అందుకే ఎవరెక్కడ ఉన్నారు, ఏం వేసుకున్నారు అన్నది రిపోర్టులో రాయండి.

కొత్త_ఈఎంటీ:
చివరిగా, డాక్టర్ గారూ, అప్పగించేటప్పుడు మీరేం వినాలనుకుంటారు?

డ్యూటీ_డాక్టర్:
ఇలా చెప్తే చాలు: "72 ఏళ్ల ఆవిడ. నిన్న రాత్రి వరకు మామూలుగా మాట్లాడారు, పొద్దుటి నుంచి గందరగోళం. మూత్రం గొట్టం ఉంది, మూత్రం చిక్కగా ఉంది. ఊపిరి 28, సాచురేషన్ ఆక్సిజన్ లేకుండా 91, బీపీ 96 మీద 50, నాడి 92 కానీ మెటోప్రోలాల్ వాడుతున్నారు, ఉష్ణోగ్రత 35.8, షుగర్ 134. మోకాళ్ల మీద మచ్చలున్నాయి. సెప్సిస్ అనుకుంటున్నాం. పెన్సిలిన్ అలర్జీ ఉంది. దగ్గు, దద్దుర్లు లేవు, ఇంట్లో ఇంకెవరికీ జబ్బు లేదు. ఆక్సిజన్ పెట్టాం, లైన్ వేశాం." ఒక నిమిషం కూడా పట్టదు. దీంట్లో జబ్బు పేరు ఒక్క అనుమానంగానే ఉంది, నాకు కావాల్సినవన్నీ మాత్రం ఉన్నాయి. పెన్సిలిన్ మాట మర్చిపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

స్టీరింగ్_పక్కన:
అప్పగించాక బండి కడిగే సంగతి కూడా రాసుకోండి. మురికి ముందు సబ్బు నీళ్లతో తుడవాలి, ఆ తర్వాతే డిస్ఇన్ఫెక్టెంట్. రక్తం ఒలికిన చోట 0.5 శాతం హైపోక్లోరైట్, మిగతా చోట్ల 0.1 శాతం. పోసిన వెంటనే తుడిచేయొద్దు, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉండనివ్వాలి. బీపీ కఫ్, స్ట్రెచర్ బెల్టులు, లోపలి హ్యాండిళ్లు, నా గేర్ రాడ్ కూడా. వెనక తలుపులు తీసే ఉంచండి, నేను నీళ్లు పట్టుకొస్తాను.